ఫిడేలు బరువు ఎవరు మోయాలి?

నేల మీద కూర్చుని వాయించే బాణీ ఎడమ చేతికి స్వేచ్ఛనిచ్చింది. నడుం సంగతి మాత్రం సాధకుడికే వదిలేసింది

వయొలిన్ 500 గ్రాములు కూడా తూగదు. కమాను బరువు 60 గ్రాములకు కాస్త అటూ ఇటూ. బడికెళ్లే పిల్లల పుస్తకాల సంచీతో పోలిస్తే ఇదసలు బరువే కాదు. అయినా ఈ అర కిలో కింద మెడలు పట్టేసినవాళ్లు, భుజాలు పైకెత్తలేకపోయినవాళ్లు, వేళ్లు మాట వినక వృత్తినే మార్చుకున్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. కాబట్టి బరువెంత అన్నది కాదు, దాన్ని ఒంట్లో ఏ భాగం, ఎంతసేపు, ఎలా మోస్తోందన్నదే అసలు ప్రశ్న. వయొలిన్ చరిత్ర ఒక రకంగా ఈ ప్రశ్నకు వెతుక్కున్న జవాబుల చరిత్రే. ఆ జవాబుల్లో అతి సాహసమైనది దక్షిణ భారతానిది. అది నిలబడి వాయించే వాద్యాన్ని తీసుకొచ్చి చాప మీద కూర్చోబెట్టింది.

ఈ వాద్యాన్ని పట్టుకోవడానికి పుట్టింట్లో కూడా మొదటి నుంచీ ఒకే పద్ధతి లేదు. యూరప్ జానపద కళాకారులు చాలామంది దాన్ని రొమ్ముకు ఆనించుకుని వాయించేవారు. స్వరకర్త మోజార్ట్ తండ్రి లియోపోల్డ్ మోజార్ట్ 1756లో ప్రచురించిన వయొలిన్ బోధినిలో రెండు పద్ధతులు కనిపిస్తాయి. రొమ్ము ఎత్తున పట్టుకుంటే చూడ్డానికి హాయిగానే ఉంటుంది. కానీ ఎడమ చెయ్యి పైస్థాయికి జరిగిందంటే వాద్యం జారిపోతుంది. అందుకే ఆయన మెడ దగ్గర ఆనించుకునే పద్ధతివైపు మొగ్గారు. 1820 ప్రాంతంలో జర్మన్ విద్వాంసుడు లూయీ స్పోర్ గడ్డం ఆన్చుకోవడానికి చిన్న చెక్కను అమర్చారు. తర్వాతి కాలంలో భుజం కింద మెత్తలు వచ్చాయి. మొత్తానికి వాద్యం జారకుండా పట్టి ఉంచే పని చేతి నుంచి గడ్డానికీ, భుజానికీ బదిలీ అయ్యింది. మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. అర కిలో వాద్యాన్ని కదలకుండా ఉంచడానికి 5 కిలోల తలను పక్కకు వంచి కాపలా పెట్టినట్టయ్యింది.

మిగతా ప్రపంచం మరో దారి పట్టింది. మొరాకోలో ఆండలూసియా సంప్రదాయ సంగీతకారులు వయొలిన్‌ను తొడ మీద నిలువుగా నిలబెట్టి వాయిస్తారు. గుజరాత్, రాజస్థాన్ జానపద గాయకుల రావణహత్త రొమ్ముకు ఆనుకుని ఉంటుంది, దానితోనే వాళ్లు ఊరూరా నడిచి పాడతారు. అంటే వాద్యం తన భంగిమను వెంటబెట్టుకుని రాదు. ఏ ఊళ్లో దిగితే ఆ ఊరి ఒంటి అలవాట్లకు, ఆ ఊరి పాటకు తలవంచుతుంది.

కర్ణాటక సంగీతంలోకి వయొలిన్‌ను తెచ్చిన ఘనత ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులది (1786-1859). మద్రాసులో యూరోపియన్ల దగ్గర నేర్చుకుని ఆయన దీన్ని మన కచేరీలోకి మళ్లించారు. మన దగ్గర గాయకుడు కూర్చుంటాడు, మృదంగం కూర్చుంటుంది, శ్రోతా కూర్చుంటాడు. కాబట్టి ఫిడేలూ కూర్చుంది. మొదట ఇది సభా మర్యాద మాత్రమే కావొచ్చు. దాని పర్యవసానం మాత్రం సంగీతం లోతుల్లోకి వెళ్లింది.

ఆ కూర్చోవడాన్ని ఒకసారి జాగ్రత్తగా గమనించాలి. వాద్యకారుడు బాసింపట్టు వేసుకుని కుడి పాదాన్ని కాస్త ముందుకు పెడతాడు. వయొలిన్ వెడల్పు భాగం ఎడమ రొమ్ము, మెడ కింది ఎముకల దగ్గర ఆనుతుంది. బిరడాలున్న తల భాగం కుడి చీలమండ మీద కూర్చుంటుంది. ఒక కొస గుండె దగ్గర, ఇంకో కొస పాదం దగ్గర. మధ్యలో గడ్డానికి పని లేదు, భుజానికి పని లేదు, అన్నిటికంటే ముఖ్యంగా ఎడమ చేతికి మోసే పని లేదు. లియోపోల్డ్ మోజార్ట్‌ను వేధించిన సమస్యను దక్షిణాది విద్వాంసుడు కాలి మడమ దగ్గర పరిష్కరించాడు.

ఇది సౌకర్యంతో ఆగిపోయే విషయం కాదు. పాశ్చాత్య పద్ధతిలో ఎడమ చెయ్యి మెట్లెక్కినట్టు ఒక స్థానం నుంచి మరో స్థానానికి వెళుతుంది, ప్రతి చోటా కాస్త నిలదొక్కుకుంటుంది. కర్ణాటక సంగీతంలో స్వరం అంటే చుక్క కాదు, దారి. తోడిలో గాంధారం ఒక చోట నిలబడి ఉండదు, ఊగుతుంది. శంకరాభరణంలో రిషభానికి చేరుకునే జారు, రిషభమంత ముఖ్యం. చెయ్యి నిలబడటం కంటే ప్రయాణించడమే ఎక్కువ. వాద్యాన్ని మోస్తూ, బొటనవేలితో పట్టుకుంటూ ఈ ప్రయాణం చేయడం చాలా కష్టం. చెయ్యికి ఏ బరువూ లేనప్పుడే అది గొంతులా మారగలదు. గాయకుడి వెంట నీడలా నడవాల్సిన పక్కవాద్యానికి కావాల్సింది సరిగ్గా ఇదే. ఒక్క ముక్కలో చెప్పాలంటే కాలు బరువు మోసింది కాబట్టే ఫిడేలు పాడింది.

ఎడమ చేతి సంగతి ఇలా తేలింది. కుడి చేతి కథలో తెలుగువాళ్లకు సొంతమైన పేరు ద్వారం వెంకటస్వామి నాయుడు. 1893లో బెంగళూరులో పుట్టి విశాఖ ప్రాంతంలో పెరిగిన ఆయనకు అన్న వెంకటకృష్ణయ్యే తొలి గురువు. చిన్ననాటి నుంచే చూపు మందం. 1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వాద్యం విని ఆయన్ను ఆచార్యుడిగానే తీసుకున్నారని విజయనగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్లు. 1936లో నారాయణదాసు తర్వాత ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ వరించాయి. 1964లో కన్నుమూశారు.

ద్వారం బాణీ అనగానే రసికులు ముందుగా తలుచుకునేది కమానును. పొడవుగా, తీగను వదలకుండా, తొణక్కుండా సాగే కమాను. పక్కవాద్యంగా గాయకుడి మాటల విరుపులను వెంటాడేటప్పుడు చిన్న చిన్న కమాను దెబ్బలతో పని జరిగిపోతుంది. ఫిడేలే స్వయంగా కచేరీ చేయాలంటే మాత్రం దానికి ఊపిరి కావాలి. ఆ ఊపిరి కుడి చేతిలో ఉందని గుర్తించిన ద్వారం పాశ్చాత్య వాద్యకారుల కమాను పద్ధతిని శ్రద్ధగా గమనించారు. కూర్చునే తీరు మార్చలేదు, గమకం వదల్లేదు. ఎడమ చేతిని ఇంటి సంప్రదాయానికి ఉంచి, కుడి చేతికి మాత్రం పరాయి విద్య నేర్పారు. పరాయిదాన్ని ఎంతవరకు తీసుకోవాలో తెలియడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ తెలుగు సంగీతంలో అరుదు. వయొలిన్‌ను పక్కన కూర్చునే వాద్యం స్థాయి నుంచి వేదిక మధ్యకు తెచ్చిన తొలి తరంలో ఆయనది ముందు వరుస.

1952లో ఈ రెండు లోకాలు ఎదురుపడ్డాయి. నెహ్రూ ఆహ్వానం మీద భారత్ వచ్చిన యెహుదీ మెనూహిన్ మద్రాసులో జస్టిస్ పి.వి. రాజమన్నార్ ఇంట్లో ద్వారం వాద్యం విన్నారు, ముగ్ధులయ్యారు. అదే ఏడాది బొంబాయిలో ఆయనకు మరో పరిచయం జరిగింది. పుణెలో యోగా నేర్పుతున్న బి.కె.ఎస్. అయ్యంగార్‌ను కలుసుకున్నారు. బాల మేధావిగా ప్రపంచాన్ని ఊపేసిన మెనూహిన్‌కు అప్పటికి దాదాపు 36 ఏళ్లు. పసితనంలో అప్రయత్నంగా వచ్చిన విద్య పెద్దయ్యాక ఒంట్లో ఎక్కడెక్కడో అడ్డు తగులుతోంది. నిద్ర పట్టదు, కండరాలు సడలవు. అయ్యంగార్ ఆయనకు నేర్పింది సంగీతం కాదు, పడుకోవడం, ఊపిరి తీసుకోవడం, నిలబడటం. రెండేళ్ల తర్వాత మెనూహిన్ ఆయనకు ఒక వాచీ బహూకరించారు. తన అత్యుత్తమ వయొలిన్ గురువు అని దాని మీద చెక్కించారు. వయొలిన్ వాయించడం రాని మనిషికి ఆ బిరుదు! 1966లో అయ్యంగార్ యోగా పుస్తకం ఇంగ్లిష్‌లో వెలువడినప్పుడు ముందుమాట కూడా మెనూహిన్‌దే.

మెనూహిన్ ఒంటరి కాదు. 1980లలో అమెరికా సింఫనీ ఆర్కెస్ట్రాల్లో 2,212 మంది సంగీతకారులను సర్వే చేస్తే, వాయించడానికి అడ్డొచ్చేంత ఆరోగ్య సమస్య కనీసం ఒకటైనా ఉందని చెప్పినవారు 76 శాతం. టోక్యో క్వార్టెట్‌లో మొదటి వయొలిన్ వాయించిన పీటర్ ఊంజియన్ చేతి వేళ్లను మెదడు సరిగా శాసించలేని ఫోకల్ డిస్టోనియా వల్ల 1995లో ఆ బృందాన్ని వీడి, కండక్టర్‌గా మారాల్సి వచ్చింది. ఇది బద్ధకస్తులకు వచ్చే జబ్బు కాదు. ఒకే కదలికను ఏళ్ల తరబడి లక్షల సార్లు చేసినవాళ్లలోనే ఎక్కువగా కనిపిస్తుంది. అంటే సాధన పెరిగితే అన్నీ సర్దుకుంటాయన్న నమ్మకానికి ఇది నేరుగా ఎదురు సాక్ష్యం.

పాశ్చాత్య ప్రపంచం ఈ దెబ్బ తిన్నాకే భంగిమ గురించి తాత్వికంగా ఆలోచించడం మొదలెట్టింది. గొంతు పోయిన ఆస్ట్రేలియా నటుడు ఎఫ్.ఎం. అలెగ్జాండర్ (1869-1955) అద్దాల ముందు నిలబడి తనను తాను పరిశీలించుకున్నాడు. మాట్లాడబోయే ముందే తల వెనక్కి బిగుస్తోందని కనిపెట్టాడు. తప్పు పనిలో లేదు, పనికి సిద్ధమయ్యే తీరులో ఉంది. హంగరీకి చెందిన కాటో హవాస్ 1961లో రాసిన వయొలిన్ పుస్తకంలో జిప్సీ వాద్యకారుల అలవోకడను ఆదర్శంగా తీసుకుంది. వేదిక భయానికి, ఒంటి బిగుసుకు సంబంధం ఉందని వాదించింది. అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పాల్ రోలండ్ 1960ల చివర్లో పిల్లలకు స్వరాల కంటే ముందు కదలికలు నేర్పే పద్ధతిని రూపొందించారు. ముగ్గురి సారాంశం ఒకటే. భంగిమ అంటే ఫొటో కాదు. మంచి భంగిమ అంటే ఎటువైపైనా కదలడానికి సిద్ధంగా ఉన్న ఒళ్లు.

ఇది మనకు కొత్త మాటేమీ కాదు. ఆసనం స్థిరంగానూ, సుఖంగానూ ఉండాలని పతంజలి ఎప్పుడో చెప్పాడు. మన ఇళ్లలో మొదటి సగమే మిగిలింది. తెలుగులో ‘పట్టు’ అన్న మాట ఉంది. విద్య మీద పట్టు సాధించడం అంటాం, వాద్యాన్ని పట్టుకోవడం అంటాం, నడుం పట్టేసిందీ అంటాం. మూడింటికీ మాట ఒకటే కాబట్టి కాబోలు, మూడూ ఒకటేనని మన క్లాసులు కొన్ని భావిస్తుంటాయి. నొప్పి వస్తే సాధన సరిగ్గా సాగుతోందనే లెక్క!

నేల మీద కూర్చునే బాణీకి ఒక ధర ఉంది, దాన్ని దాచుకోవాల్సిన అవసరం లేదు. గడ్డాన్నీ, భుజాన్నీ, ఎడమ చేతినీ విడుదల చేసిన ఈ పద్ధతి ఆ బాకీని నడుముకూ, మోకాళ్లకూ, తుంటి కీళ్లకూ రాసింది. వాద్యం కిందికి వాలి ఉంటుంది కాబట్టి చూపు కిందికి, చూపుతో తల, తలతో వెన్ను ముందుకు వంగుతాయి. కచేరీ రెండున్నర, మూడు గంటలు. మధ్యలో లేచి నాలుగడుగులు వేసే వీలు లేదు. నేల మీద కూర్చుని తిని, చదువుకుని, కబుర్లాడిన తరానికి ఇది పెద్ద కష్టం కాదు. వాళ్ల తుంటి కీళ్లు రోజంతా ఆ సాధనే చేసేవి. కుర్చీలో చదివి, సోఫాలో తిని, సాయంత్రం గంటసేపు మాత్రం హఠాత్తుగా బాసింపట్టు వేసే పిల్లల సంగతి వేరు. మోకాళ్లు నేలకు ఆనవు. మోకాళ్లు ఆనకపోతే నడుం గూని పడుతుంది. నడుం గూని పడితే భుజం ముందుకొస్తుంది. భుజం ముందుకొస్తే కమాను సాఫీగా సాగదు. గురువుకు కనిపించేది చివరిదే. ‘కమాను సరిగ్గా లాగు’ అంటారు. తప్పు మాత్రం మోకాలి దగ్గర ఉంది.

ఒళ్లు, పనిముట్టు, పని కలిసి మారకపోతే ఏమవుతుందో తెలుగు నేతగాళ్లకు బాగా తెలుసు. గుంట మగ్గంలో నేతగాడు అంచు మీద కూర్చుని, కాళ్లు గుంటలో పెట్టి తొక్కుతూ, చేతులతో నాడె ఆడిస్తాడు. ఒళ్లంతా మగ్గంలో భాగమే. తెలంగాణ నుంచి సూరత్ పవర్‌లూమ్‌లకు వలస వెళ్లిన కుటుంబాల్లో ఆ కూర్చునే పని పోయింది. షిఫ్టు షిఫ్టంతా మగ్గాల మధ్య నిలబడి తిరిగే పని వచ్చింది. గుంట మగ్గం వీపును బాధిస్తే, మర మగ్గం కాళ్లను బాధిస్తుంది. ఏ పద్ధతీ ఒంటికి ఉచితంగా రాదు. తేడా అల్లా, నేతగాడికి తాను మూల్యం చెల్లిస్తున్నానని తెలుసు. ఎనిమిదేళ్ల ఫిడేలు విద్యార్థికి తెలియదు, చెప్పేవాళ్లూ తక్కువే.

మరి నేల వదిలి కుర్చీ ఎక్కొచ్చా? ఇక్కడే వాదన ముదురుతుంది. కుర్చీ ఎక్కితే వాద్యం తల ఆనించే చీలమండ ఉండదు. ఆ బరువు తిరిగి ఎడమ చేతి మీదికో, గడ్డం మీదికో వస్తుంది. దాంతో జారు కుంటుపడుతుంది. కాబట్టి నేలను సమర్థించేవారిది చాదస్తమని కొట్టిపారేయలేం. వాళ్లు కాపాడుతున్నది చాపను కాదు, గమకాన్ని. అయితే కాలు మడత పడని అరవై ఏళ్ల అభిమానిని, మోకాలు దెబ్బతిన్న విద్వాంసుణ్ణి సంగీతం నుంచే వెళ్లగొట్టడం కూడా న్యాయం కాదు. ప్రశ్నను సరిగ్గా అడిగితే దారి దొరుకుతుంది. నేలా, కుర్చీయా అన్నది ప్రశ్న కాదు. ఎడమ చేతికి బరువు లేకుండా ఎలా చూడాలి, వెన్ను ఎలా నిలబడాలి అన్నవే ప్రశ్నలు. పిరుదుల కింద గట్టి దిండు పెట్టి మోకాళ్ల కంటే తుంటిని ఎత్తులో ఉంచితే గూని చాలావరకు పోతుంది. కుర్చీ తప్పనిసరైనవారికి కుడి పాదాన్ని ఎత్తు పీట మీదికి చేర్చి వాద్యానికి ఆధారం చూపించవచ్చు. సంప్రదాయం ఇచ్చిన సూత్రం నిలుస్తుంది, ఆకారం మారుతుంది. ద్వారం కుడి చేతి విషయంలో చేసింది ఇదే కదా.

ఇంకో అనుమానం రావొచ్చు. గురువు కంటితో చూసి దిద్దకపోతే భంగిమ వస్తుందా? విజయనగరం దగ్గర దానికీ జవాబుంది. 2016 సంగీత కళానిధి పొందిన అవసరాల కన్యాకుమారి ఆ ఊళ్లోనే పుట్టారు. ఆమె తొలి గురువు ఇవటూరి విజయేశ్వరరావు, తర్వాతి గురువు ఎం. చంద్రశేఖరన్. ఇద్దరికీ చూపు లేదు. భంగిమను చూడలేని గురువులు దేన్ని దిద్దుతారు? నాదాన్ని. బిగుసుకున్న భుజం నుంచి వచ్చే నాదం బిగుసుగానే ఉంటుంది. కమాను తీగ మీద గీసుకుపోతుంటే మణికట్టు ఎక్కడ మొరాయించిందో పదునైన చెవికి తెలిసిపోతుంది. ఒంట్లో జరిగే ప్రతి తప్పూ చివరకు శబ్దంలో తేలుతుంది. చూపు మందగించిన ద్వారం అంతటి కమానును సాధించడం వెనుకా ఈ చెవి లేదని ఎవరు చెప్పగలరు?

ఈ కాలానికి ఈ విషయం మరీ అవసరం. కరోనా సంవత్సరాల నుంచి ఫిడేలు పాఠాల్లో పెద్ద భాగం తెర మీదికి చేరింది. హైదరాబాద్ గురువు, డల్లాస్ శిష్యుడు. కెమెరాలో కనిపించేది ముఖమూ, వాద్యంలో సగమూ. మోకాళ్లు, నడుం, చీలమండ తెర బయటే. పైగా ఫోన్ మైకు నాదంలోని గరుకునూ, మెత్తదనాన్నీ సగం మింగేస్తుంది. కంటితో చూసే గురువుకూ, చెవితో దిద్దే గురువుకూ ఒకేసారి గంతలు కట్టినట్టే. కనీసం పాఠానికొకసారి కెమెరాను దూరం జరిపి పాదం నుంచి తల దాకా చూపించమని అడగడం పెద్ద ఖర్చు కాదు.

తల్లిదండ్రులు చేయగలిగినవీ ఉన్నాయి. పిల్లలు రోజుకు ఎన్ని గంటలు వాయించారని లెక్కపెట్టే ముందు, ఎంతసేపటికొకసారి వాద్యం కింద పెట్టి లేచారో చూడాలి. గంటన్నర ఏకబిగిన కూర్చోబెట్టడం కంటే అరగంట చొప్పున మూడు విడతలు మేలు. పిల్లల ఎత్తుకు తగ్గ చిన్న సైజు వయొలిన్లు ఉన్నప్పుడు ‘ఎలాగూ పెరుగుతాడు కదా’ అని పెద్దది కొనడం పొదుపు కాదు. వాయించాక కూడా తగ్గని నొప్పి, వేళ్లలో తిమ్మిరి, అకస్మాత్తుగా ఒక వేలు మొండికేయడం వంటివి ఉంటే ఆ రోజు సాధన ఆపి వైద్యుడికి చూపించాలి. నొప్పిని భరించడం భక్తి కాదు. నొప్పి చెబుతున్న మాట వినడం కూడా సాధనలో భాగమే.

సరళీ స్వరాల కంటే ముందు నేర్పాల్సిన పాఠం ఒకటుంది. కూర్చోవడం, లేవడం, ఊపిరి వదలడం, వాద్యం లేకుండా కమాను చెయ్యిని గాలిలో ఆడించడం. నెల రోజులు దీనికి పోతే వర్ణం ఒక నెల ఆలస్యంగా వస్తుంది. కానీ వచ్చిన వర్ణం అరవై ఏళ్లు వచ్చినా చేతిలో ఉంటుంది. ఫిడేలు బరువు కాలు మోయాలి, నేల మోయాలి, వెన్ను మోయాలి. సంగీతాన్ని మాత్రమే చెయ్యి మోయాలి.